కెమెరా ఉంటేనే లోపలికి

ఫొటో స్టూడియో నడిపే ఆయన్ని ఆ వీధిలో అందరూ "నవ్వండి గారు" అంటారు. స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్లనీ "కాస్త నవ్వండి" అని బతిమాలతాడు మరి. పాస్‌పోర్టు ఫొటోకి నవ్వకూడదని తెలిసినా ఆయన నోరు ఊరుకోదు. భార్య పోయాక ఒక్కగానొక్క కూతుర్ని తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు.

ఆ పిల్ల మనసిచ్చినవాడిది వేరే మతం. తన ఇష్టంతోనే ఆ మతం పుచ్చుకుంది. "దేవుణ్ణీ నువ్వే ఎంచుకున్నావు, మొగుణ్ణీ నువ్వే ఎంచుకున్నావు. నాకు భోజనాలు చెయ్యడం తప్ప పనేం మిగల్చలేదు తల్లీ," అని తండ్రి నవ్వేశాడు.

పెళ్లి వారంలో ఉందనగా పెళ్లికొడుకు వాళ్ల మందిరం కార్యదర్శి స్టూడియోకి వచ్చాడు. మంచివాడే. కుర్చీ అంచున కూర్చుని నీళ్లు నమిలాడు.

"ఏమీ అనుకోకండి బాబాయి గారూ. ప్రమాణాలు జరిగే హాల్లోకి మా మతం కానివాళ్లు రాకూడదు. మీకు వరండాలో కుర్చీ వేయిస్తాం."

"కన్నతండ్రినయ్యా!"

"నియమం అండీ. నా చేతుల్లో లేదు." ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది. "అయినా ఇదివరకు మా మందిరంలో మీరెన్ని పెళ్లిళ్లకి ఫొటోలు తియ్యలేదు! ఫొటోగ్రాఫర్లకీ, కరెంటు పనివాళ్లకీ అడ్డు లేదు కదా. కెమెరా మెడలో వేసుకుని వచ్చెయ్యండి. ఎవరూ అడగరు."

పాఠకులారా, ఈ మాటలోని వింత ఆ మంచి మనిషికి తట్టనే లేదు. ఫ్యాను బిగించడానికి వచ్చినవాడు లోపలికి రావచ్చు, పెళ్లికూతుర్ని కన్నవాడు మాత్రం రాకూడదు! అలవాటైన అన్యాయం ఇలాగే ఉంటుంది. అందులో పుట్టి పెరిగినవాళ్లకి అది కంటికి ఆనదు.

విషయం విని కూతురు భగ్గుమంది. "వద్దు నాన్నా. నువ్వు లేని పెళ్లి నాకొద్దు."

"లేకపోవడమేం? కెమెరాతో ఉంటాగా. అత్తారింట్లో మొదటి రోజే నా మూలంగా గొడవెందుకమ్మా? నిన్ను చూడగలిగితే నాకు చాలు," అన్నాడు. చాలదని ఇద్దరికీ తెలుసు.

పెళ్లి రోజు నవ్వండి గారు అలవాటు ప్రకారం గోడ వారగా, ఎవరికీ అడ్డు రాకుండా ఒదిగి నడిచాడు. "కాస్త తప్పుకోవయ్యా, కనపడట్లేదు," అని వెనక నుంచి ఎవరో కసిరారు. తప్పుకున్నాడు. ముందు వరసలో పెళ్లికూతురి తరఫువాళ్ల కోసం వేసే కుర్చీ ఖాళీగా ఉంది. పిల్ల దాని వంకే చూస్తోంది. తండ్రి కెమెరా కంటికి ఆనించుకున్నాడు గానీ, కళ్లు నిండిపోయి ఏమీ కనిపించలేదు.

అప్పుడు పెళ్లికొడుకు నాయనమ్మ చేతికర్ర పట్టుకుని లేచింది. ఇంట్లో కోడళ్లూ, మందిరంలో కమిటీ వాళ్లూ సమానంగా భయపడే మనిషి ఆవిడ. నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"ఆ పెట్టె ఇలా ఇవ్వు నాయనా."

"అమ్మా, ఇది..."

"ఇమ్మంటుంటే!"

కెమెరా తీసుకుని తన మెడలో వేసుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. కార్యదర్శి పరుగున వచ్చాడు. "అమ్మగారూ, నియమం..."

ఆవిడ అతని వైపు కూడా చూడకుండా, పెళ్లి జరిపిస్తున్న గురువు గారి వైపు తిరిగింది. "అయ్యా, పుట్టినప్పటి నుంచీ ఇదే మతంలో ఉన్నాను. ఒక్క సందేహం తీర్చండి. ఇందాకటి నుంచీ ఈయన ఇదే హాల్లో నిలబడి ఉన్నాడు. దేవుడికి ఏ ఇబ్బందీ రాలేదు. కూర్చుంటే వస్తుందా?"

గురువు గారు ఒప్పుకోకపోతే పెళ్లి అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆయన ఆ కుర్చీ వంకా, అందులో కూర్చున్న తండ్రి వంకా చూశాడు.

"రాదమ్మా," అన్నాడు చివరికి. "ఈ ప్రశ్న మాకు ఎప్పుడో తట్టి ఉండాల్సింది. కూర్చోండి, పెళ్లికూతురి తండ్రి గారూ."

ఆ నియమం ఆ రోజే రద్దయిపోయిందని నేను చెప్పను. దాని మీద కమిటీ ఇంకా వాదించుకుంటూనే ఉంది. కానీ ఆ తండ్రి మాత్రం కూతురి పెళ్లి రెండు కళ్లతో చూశాడు. ఫొటోలంటారా, నాయనమ్మ గారు తీసినవాటిలో సగం సీలింగు ఫ్యానువే.

పెళ్లయ్యాక ఆయన ఆవిడ ముందు నిలబడి చేతులు జోడించాడు. "అమ్మా, మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను."

"నాకెందుకయ్యా దండం? ఇంత బంగారంలాంటి పిల్లని పెంచి మాకిచ్చావు. మేమే నీకు రుణపడ్డాం." ఆవిడ ఆయన చేతులు విడదీసి పట్టుకుంది. "ఏ మతమైనా కానీ నాయనా, కన్నవాళ్లని గుమ్మం బయట నిలబెట్టి పెళ్లి చేస్తే, ఆ దేవుడు మాత్రం లోపలెలా కూర్చుంటాడు?"