డిపో ఆకుపచ్చ

పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి. బస్సు కడగడంలో ఉన్న విద్య అంతా అదే. మొదట కప్పు, తరవాత అద్దాలు, ఆపైన పక్కలు, చిట్టచివర చక్రాలు. ఈ వరస తప్పితే కడిగినచోటికే మళ్ళీ బురద దిగుతుంది. ఉదయం ఏడు కాకముందే నాలుగు బస్సులు ముగించి, అతను ఐదోదాని కప్పు మీదికి రబ్బరు గొట్టం ఎత్తిపట్టి నిలబడ్డాడు.

డిపోలో అందరూ అతన్ని పైపు అంటారు. హాజరుపట్టీలో ఉన్న పేరు ముప్పై ఒక్క ఏళ్ళుగా హాజరుపట్టీలోనే ఉండిపోయింది. పొట్టి మనిషి. మెడ వెనక ఎండకి మాడి నల్లబడింది కానీ పాదాలు మాత్రం ఎప్పుడూ నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి ఉంటాయి. వేళ్ళ కొనల మీది ముడతలు సెలవురోజున కూడా పోవు. మిమ్మల్ని కట్టుకున్నానో, బావిని కట్టుకున్నానో తెలియడం లేదని పెళ్ళయిన కొత్తలో భార్య నవ్వింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ మాటే అని నవ్వుతుంది.

ఈరోజు మాత్రం నవ్వలేదు. అతను బూట్లు తొడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి, వాచీలాయన మంచం దిగడం లేదని చెప్పింది. ఆవిడ ఆయాగా పనిచేసే బడిలోనే ఆయన మనవరాలు చదువుతుంది. కబురు అలా వచ్చింది.

"ఇవాళైనా చెప్పేసి రండి," అంది. "తొమ్మిదేళ్ళు మోశారు. చాలదా?"

అతను రెండో బూటు ముడి వేసుకున్నాడు. ఆవిడ లోపలికెళ్ళి, బట్టలో చుట్టిన ఒక చిన్న వస్తువు తెచ్చి అతని చేతిలో పెట్టింది. బీరువాలో, గోడవైపు మొహం తిప్పి, అతను దాచుకున్న బొమ్మ బండి అది. ఇప్పుడు చొక్కా జేబులో బరువుగా తగులుతోంది. గొట్టం ఎత్తినప్పుడల్లా గుండెకి ఆనుతోంది.

ఈ బండ్ల గొడవ మొదలైంది కూడా ఈ షెడ్డులోనే. ఇరవై రెండేళ్ళ కిందట ఒక బస్సు చివరి సీటు కింద చీపురు పెట్టి లాగితే బొటనవేలంత బొమ్మ బయటపడింది. అచ్చులో పోసిన లోహపు బొమ్మ, అమెరికా మినీవ్యాను. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని ఆరు నెలలు ఆఫీసులో ఉంచారు. ఎవరూ రాలేదు. ఇక నువ్వే ఉంచుకో పైపూ, అని గుమాస్తా తిరిగి ఇచ్చేశాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి విస్తుపోయాడు. ఎడమవైపు జరిగే తలుపు లేదు. కుడివైపే ఉంది. అన్నేళ్ళుగా బండ్లు కడుగుతున్నవాడికి అలాంటి ఒంటితలుపు బండి ఒకటి లోకంలో ఉందని తెలియకపోవడం చిన్నతనంగా అనిపించింది.

దాని వెనక చక్రం ఒకటి బిగుసుకుపోయి ఉంటే బాగుచేయించడానికి మూలమీదున్న వాచీల కొట్టుకి పట్టుకెళ్ళాడు. కొట్టంటే రెండు గోడల మధ్య ఇరుకు సందుకి తలుపు పెట్టినట్టుంటుంది. వాచీలాయన కంటికి భూతద్దం తగిలించుకుని, సన్నని నూనె చుక్క వేసి, చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. ఏమీ తీసుకోలేదు. సొరుగు లాగి, పక్కల్లో చెక్క పలకలు బిగించినట్టు గీతలున్న ఇంకో మినీవ్యాను తీసి ఎదురుగా పెట్టాడు.

"ఇది చూశావా ఎప్పుడైనా?" అన్నాడు.

ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం అతను ఆ సందులో స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్ళిద్దరి నియమం ఒక్కటే. మామూలు బండ్లు వద్దు, మినీవ్యానులే కావాలి, అందులోనూ వంకర ఉన్నవే కావాలి. వెనక సీటు వెనక్కే తిరిగి ఉండేది, కప్పు లేచి గుడారమయ్యేది, చక్రాల కుర్చీ ఎక్కడానికి పక్కనుంచి పలక దిగేది, కర్మాగారంలో పొరపాటున స్టీరింగు పెట్టడం మరిచిపోయినది. పాత సామాన్ల సంతల్లో వెతికారు. చుట్టాలకి చెప్పి తెప్పించుకున్నారు. నీ దగ్గరున్నదానికి నాది అంటూ మార్చుకున్నారు. సందు బయట మనుషులు వాళ్ళని చూసి, ముసలితనంలో వచ్చిన పసితనం అనుకుంటూ పోయేవాళ్ళు. అప్పటికి ఇద్దరిలో ఎవరూ ముసలివాళ్ళు కారు.

తొమ్మిదేళ్ళ కిందట జరిగింది ఆ తప్పు. వాచీలాయన దగ్గర చుంచెలుక మూతిలా ముక్కు ముందుకి సాగిన వ్యాను ఉండేది. ఒకటి కాదు, రెండు. పైపుకి ఆ మూతి మీద మనసు పడింది. నిద్రలో కూడా అదే కనిపించేది. పెట్టెలా నలుచదరంగా ఉండే ఇంకో రకం వ్యాను, అదీ ఆకుపచ్చది తెచ్చిస్తే ఇస్తానన్నాడు వాచీలాయన. ఒక వారం మామూలు రంగు అయిపోతే కర్మాగారంవాళ్ళు ఆ రకంలో కొన్నింటికి ఆకుపచ్చ వేశారని ఆయన ఎక్కడో పాత జాబితాలో చూశాడు. కళ్ళతో చూసిన మనిషి లేడు. పైపు నాలుగు నెలలు వెతికాడు. ఐదో నెలలో ఆ రకందే తెల్లది ఒకటి సంపాదించి, రంగంతా గోకేసి, డిపోలో బస్సులకి వేయగా డబ్బా అడుగున మిగిలిన ఆకుపచ్చ రంగు పెరట్లో కూర్చుని వేశాడు. మూడు పూతలు. భార్య బట్టలు ఆరేస్తూ చూసింది. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాటినుంచి మాత్రం కూర మాడినా, గొళ్ళెం వేయడం మరిచినా, "అవును మరి, ఆకుపచ్చ దొంగగారి ఇల్లు కదా" అనడం మొదలుపెట్టింది.

చుంచుమూతి ఇంటికొచ్చింది. దాన్ని తనివితీరా చూసుకున్న రోజు ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం రెండింటికి పద్నాలుగో బస్సు చక్రాలు ముగించి, గొట్టం చుట్టి మేకుకి తగిలించాడు. డబ్బాలో తెచ్చుకున్న అన్నం సగం తిని మూత పెట్టాడు. దారిలో వాచీల కొట్టు తలుపుకి తాళం వేసి ఉంది. గాజు అవతల గోడ గడియారాలన్నీ తలో వేళ చూపిస్తూ ఆగిపోయి ఉన్నాయి.

ఆయన ఇల్లు కొట్టుకి రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. కోడలు తలుపు తీసింది. మావయ్యగారు పొద్దున్నించీ మీ గురించే అడుగుతున్నారు బాబాయ్ గారూ, అని లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరు వచ్చి చూసి, ఇక ఆసుపత్రికి తిప్పడం అనవసరమని చెప్పి వెళ్ళాడని గొంతు తగ్గించి చెప్పింది.

కిటికీ పక్కన మంచం. దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నంత పల్చబడిపోయాడు వాచీలాయన. భూతద్దం తగిలించుకునే కంటి చుట్టూ ఏళ్ళ తరబడి పడ్డ గుండ్రటి గుర్తు మాత్రం అలాగే ఉంది. ఎదురుగా గోడకి నాలుగు అరలు, అరల నిండా మినీవ్యానులు, వాటి మీద బూడిదలా దుమ్ము.

పైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డిపో సంగతులు రెండు చెప్పాడు. వానలు లేవన్నాడు. కుర్చీ మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరిపాడు.

"గురువుగారూ, ఆ ఆకుపచ్చ బండి అసలుది కాదు. నేనే రంగేశాను."

వాచీలాయన కళ్ళు తెరవలేదు. "మూడు పూతలు వేశావు," అన్నాడు. "రెండు చాలేవి. తలుపు పట్టేసింది."

మెట్టు ఉందనుకుని కాలు దించితే చదునైన నేల తగిలినట్టయింది పైపుకి. తొమ్మిదేళ్ళుగా ఎన్నో రకాలుగా ఊహించుకున్నాడు. ఆయన తిడతాడు, లేదా బాధపడి అటు తిరుగుతాడు, లేదా ఆ బండి తీసి కిటికీలోంచి విసిరేస్తాడు. ఇది ఊహించలేదు.

"మీకు తెలుసా?"

"నా కొట్టు ముందు నుంచి రోజుకి నలభై బస్సులు పోతాయి తమ్ముడూ. ఆ రంగు నాకు తెలియదా?"

"మరి ఎందుకు అడగలేదు?"

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "అడిగితే ఒప్పేసుకుంటావు. ఒప్పుకున్నాక సిగ్గుపడి రావడం మానేస్తావు. శుక్రవారాలు నేనేం చేసుకోను?"

పైపు జేబులోని మూట విప్పి చుంచుమూతిని దుప్పటి మీద పెట్టాడు. వాచీలాయన దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు. రెండోది ఎవరికివ్వాలా అని అప్పట్లో నేనే చూస్తున్నానని, ఊరికే ఇస్తే పుచ్చుకోవని తెలిసి ఆ షరతు పెట్టానని, దొరక్కపోయినా కొన్నాళ్ళకి ఇచ్చేద్దామనుకుంటే ఇంతలోనే నువ్వు తెల్లదానికి ఆకుపచ్చ వేషం కట్టి తెచ్చావని మెల్లగా, మధ్యలో ఆగుతూ చెప్పాడు. చెబుతూ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. పైపు ఆయన తల కొద్దిగా ఎత్తి నీళ్ళు తాగించాడు. అప్పుడు వచ్చింది అతనికి ఏడుపు. మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

దగ్గు తగ్గాక వాచీలాయన అరలకేసి చూపించాడు. "ఎంత దుమ్ము పట్టాయో చూడు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ బస్సులు కడిగావు. నావి ఒక్కసారి కడగవూ?"

కోడలు సత్తుబేసిన్లో గోరువెచ్చని నీళ్ళు, సబ్బుముక్క, మెత్తని పళ్ళబ్రష్షు, పాత తువాలు తెచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్ళింది. పైపు నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. మొదట కప్పు, తరవాత అద్దాలు, ఆపైన పక్కలు, చిట్టచివర చక్రాలు. నీళ్ళు లోపల నిలవకుండా జరిగే తలుపులన్నీ తెరిచి తువాలు మీద వరసగా పెట్టాడు. ఒక్కొక్కటీ ఎత్తి చూపించి అదేమిటో చెబుతున్నాడు. ఇది నా దగ్గర మీరు మార్చుకున్న ఒంటితలుపుది. ఇది గుడారం లేచేది. వాచీలాయన ఊఁ అంటున్నాడు. చెక్కపలకలదాన్ని ఎత్తినప్పుడు ఇంకొంచెం మాట్లాడాడు.

"పలకలు గట్టిగా రుద్దకు. చెక్క కాదు, కాగితం."

పైపు బ్రష్షు పక్కన పెట్టి వేలి కొనతో తుడిచాడు. వేలి ముడతల్లో ఇరవై రెండేళ్ళనాటి దుమ్ము నల్లగా అంటింది. ఆకుపచ్చది కూడా కడిగాడు. పట్టేసిన తలుపుని బలవంతపెట్టలేదు.

ముప్పై దాటాక ఊఁ అన్న మాట ఆలస్యంగా వస్తోంది. ఒకదాని పక్కన అక్షరాలు చెరిగిపోయి ఉంటే, ఇది టపావాళ్ళదా, పాలవాళ్ళదా అని అడిగాడు. జవాబు లేదు. కునుకు పట్టిందనుకున్నాడు. బేసిన్ అంచుకి తగిలి చప్పుడు కాకుండా, మిగిలినవన్నీ నీళ్ళలోనే పట్టుకుని మెల్లగా కడిగాడు. యాభై ఎనిమిదోదాన్ని తువాలు మీద పెట్టి, అయిపోయాయి గురువుగారూ, అని తలెత్తాడు.

దుప్పటి కదలడం లేదు.

కిటికీలోంచి కింద బస్సు వెళ్ళిన చప్పుడు వినిపించింది. తరవాత లేచి, చేతులు చొక్కాకి తుడుచుకుని, ఇంకా తడి ఉందేమో చూసుకుని మళ్ళీ తుడుచుకున్నాడు. పొడి చేత్తో ఆయన నుదురు ముట్టుకున్నాడు. సగం తెరుచుకున్న రెప్పలు మూశాడు. అప్పుడు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "ఒకసారి రామ్మా," అన్నాడు.

కాసేపటికి కొడుకు పనిలోంచి వచ్చాడు. కింది అంతస్తుల వాళ్ళు వచ్చారు. మంచం చుట్టూ చోటు కావలసి వచ్చింది. ఎవరో బేసిన్ తొక్కబోతే పైపు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వెనక వరండాలోకి నడిచాడు. తూము దగ్గర గొంతుకూర్చుని, అడుగున మడ్డి కదలకుండా పైనీళ్ళు కొంచెం కొంచెంగా వంచాడు. నీళ్ళన్నీ పోయాక, బూడిదరంగు మడ్డి మధ్యలో, ఏ బండి నుంచి ఊడిందో గాని, మిరియపు గింజంత నల్లటి రబ్బరు టైరు ఒకటి మిగిలి ఉంది.