అర అంగుళం దిగిన భుజం

కొత్త గుడ్డను నీళ్లలో ముంచి తీసినప్పుడు ఒక వాసన వస్తుంది.

గంజిదీ, మగ్గానిదీ, ఇంకా ఎవరూ తొడుక్కోని రోజులదీ...

ఆ వాసనతోనే ఆమెకు పొద్దు మొదలవుతుంది. కత్తిరించక ముందే తడిపి తీగ మీద ఆరేస్తే గుడ్డ తర్వాత కుంచించుకుపోదు. ఆరేదాకా ఆగాలి. ఆగడం ఆమెకు బాగా అలవాటు.

ఊరు చిన్నది. బస్సు ఆగేది ఒక్కచోటే. దానికి ఎదురుగా రెండు గదులు, మధ్య ఒకటే గోడ — ఇటు ఆమె కుట్టుమిషను, అటు కళ్లద్దాల దుకాణం.

రెండేళ్ల కిందట అక్క రమ్మంటే వచ్చింది. భర్త పోయిన ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టుండేది. ఒక ట్రంకు పెట్టె, ఒక మిషను పట్టుకుని బస్సు దిగింది. నెల తిరక్కుండానే ఊరందరికీ టైలరమ్మ అయిపోయింది.

భర్త పోస్ట్‌మ్యాన్. ఏళ్ల తరబడి సంచీ మోసి మోసి ఆయన కుడి భుజం అర అంగుళం దిగింది. ఆయన చొక్కాలన్నీ ఆమే కుట్టింది. కుడివైపు అర అంగుళం దించి కత్తిరిస్తే చొక్కా తిన్నగా కూర్చునేది. ఆ వంపు సంగతి బయట ఎవరికీ తెలిసేది కాదు.

అది ఆ ఇద్దరి గుట్టు.

తర్వాత ఒక జ్వరం... నాలుగు రోజులు. అంతే.

ఆయన పోయాక ఆమె మగవాళ్ల చొక్కా ముట్టుకోలేదు. ఆడవాళ్ల బట్టలు, పిల్లల యూనిఫారాలు, దిండు గలీబులు. చొక్కా గుడ్డ తెచ్చినవాళ్లకు వేరే దుకాణం చూపించేది.

పక్క దుకాణం ఆయనకు నలభై దాటాయి. అద్దాలు తుడుస్తూ తుడుస్తూ పెళ్లి వయసు తుడిచేసుకున్నానని తనే నవ్వుతాడు. ఊళ్లో ఎవరి ముక్కు ఎటు వాలిందో, ఎవరి చెవి ఎంత కిందికుందో ఆయనకు తెలుసు. ఫ్రేము వంచి సరిచేస్తాడు గానీ, ఒక్కరికీ చెప్పడు.

సూదిలో దారం ఎక్కించలేక ఆమె ఆ మెట్లెక్కింది. అద్దాలు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు.

"ఇప్పుడు కనబడుతోందా అండీ?"

కనబడింది. సూది బెజ్జం కనబడింది. గోడ మీద చీమ కనబడింది.

ఆయన కనబడ్డాడు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగగానే గోడ మీద రెండుసార్లు తట్టేవాడు — టీ అని. ఆమె కత్తెర పిడితో రెండుసార్లు తట్టేది — సరేనని. ఏడాది అలాగే గడిచింది.

"గోడకు చిల్లు పడేలోపు ఏదో ఒకటి తేల్చవే తల్లీ," అంది అక్క.

ఒకరోజు ఆయనే టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళ్తున్నానండీ. మీరూ వస్తే... మన సంగతి చెబుతాను."

ఆమె కూడా గ్లాసు కింద పెట్టింది.

"శనివారానికి మీకో చొక్కా కుట్టి ఇస్తాను. అదే నా జవాబనుకోండి."

ఆ చొక్కా అంటే ఏమిటో ఆయనకు తెలుసు. చొక్కా గుడ్డ తెచ్చినవాళ్లను ఆమె తిప్పి పంపడం రోజూ చూస్తున్నవాడే.

కొలతలు తీసుకుంది. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఊపిరి వదలండి. ఛాతీ కొలత తప్పొస్తుంది."

ఇద్దరూ నవ్వేశారు. పుస్తకంలో రాసుకుంది — రెండు భుజాలూ సమం.

శుక్రవారం మధ్యాహ్నం గుడ్డ బల్ల మీద పరిచింది. తెల్లటి గుడ్డ, సన్నటి నీలం చారలు. ఎదురుగా పుస్తకం తెరిచే ఉంది. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఎన్నాళ్ల తర్వాతో కూనిరాగం తీసింది. సంతోషంగా ఉన్నానని పైకే అనుకుంది... కత్తెర తన దారిన తాను పోయింది.

శనివారం ఆయన తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. అద్దం ముందు నిలబడ్డాడు.

కాలరు కుడిపక్కకు లాగింది. కుడి భుజం పట్టేసింది. చారలన్నీ ఒక పక్కకు వాలాయి.

ఎదుటివాళ్ల వంకర కనిపెట్టడమే ఆయన వృత్తి. ఆయనకే ముందు అర్థమైంది. అద్దంలో ఆయన కళ్లు చూశాక ఆమెకు అర్థమైంది.

"ఆయనకు ఈ భుజం దిగి ఉండేదా అండీ?"

ఆమె తలూపింది.

"విప్పి మళ్లీ కుడతాను. సాయంత్రానికల్లా ఇస్తాను."

కోసేసిన అర అంగుళం తిరిగి రాదని ఆమెకు తెలుసు. ఇంకో చొక్కాకు గుడ్డ లేదనీ తెలుసు. అయినా అంది.

"వద్దండీ. కుట్టులో తప్పేం లేదు. ఇది నా చొక్కా కాదు, అంతే."

"నేను కావాలని..."

"తెలుసండీ. కావాలని చేసుంటే నేను సర్దుకునేవాణ్ని."

చొక్కా విప్పి, మడత చెడకుండా బల్ల మీద పెట్టాడు. వెళ్తానండీ, అన్నాడు. ఏడాదిగా రోజూ వస్తానండీ అంటూ మెట్లు దిగిన మనిషి.

ఆ మధ్యాహ్నం గోడ పలకలేదు.

ఆదివారం పొద్దున ఆయన పాత చొక్కాలో ఒక్కడే బస్సు దగ్గర నిలబడ్డాడు. ఆమె తలుపు వారగా నిలబడి చూసింది. పిలవాలనుకుంది. ఏమని పిలవాలి? ఇష్టమనే చెప్పాలి. కానీ ఆ మాట తన చేతులే వినలేదు, ఆయనెలా నమ్ముతాడు?

బస్సు కదిలింది.

అక్క వచ్చేసరికి ఆమె మిషను మీద తల పెట్టుకుని ఉంది. అక్క బల్ల మీది చొక్కా విప్పి చూసింది. కుడి భుజం చూసింది. మరిదిని ఎరిగిన మనిషి, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఊరుకోవే. మూడేళ్లయింది. ఇంకా ఆయన కోసం ఎన్నాళ్లని ఏడుస్తావు?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆయన కోసం కాదక్కా."

అక్క చెయ్యి ఆగిపోయింది. ఇద్దరూ కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు... బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు.