మూత వేసిన జాబితా

తెరిచిన పుస్తకాన్ని వదిలి లేవకూడదని మా నానమ్మ నేర్పింది. లేస్తే సైతాను వచ్చి చదువుతాడట. ముప్పై ఏళ్ళు వచ్చినా ఆ అలవాటు నా చేతిని వదల్లేదు. ఆ మధ్యాహ్నం అజాన్ వినబడగానే ల్యాప్‌టాప్ మూత వేసి నమాజుకు లేచాను. మూత వేస్తే అది నిద్రపోతుందనీ, లేపితే పాస్‌వర్డ్ అడుగుతుందనీ నాకేం తెలుసు?

ఏలూరు పవర్‌పేటలో కోదండరామయ్య గారి డీటీపీ సెంటర్లో తెలుగు టైపింగ్ నా పని. షాపు కంప్యూటర్ చెడిపోయిందని ఆ రోజు ఆయన తన ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చారు. కొల్లేరులోని ఒక లంక నుంచి తోమా గారనే పెద్దాయన వానలో పడవ మీద వచ్చారు. వరదలో మునిగిన ఇళ్ళ జాబితా, నూట నలభై పేర్లు. సాయంత్రం ఐదులోగా తహసీల్దారు ఆఫీసులో ఇవ్వాలి. అందులో పేరు లేని ఇంటికి బియ్యమూ లేదు, కప్పుకు టార్పాలినూ లేదు.

కాగితాలు పడవలోనే తడిసిపోయాయి. ఆయన ఒక్కొక్కటీ విడదీసి చదువుతుంటే నేను కొట్టాను. చదవడం అయ్యేసరికి ప్రతి కాగితమూ ముద్దయి కూర్చుంది. ఇక ఆ పేర్లు తెర మీద తప్ప ఎక్కడా లేవు. నేనేమో మహా పనిమంతురాలిని, ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు.

నమాజు చేసుకొచ్చి మూత తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. కోదండరామయ్య గారు వచ్చి కొట్టారు. తప్పు అంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పు.

“పొద్దున్న ఇదే కొట్టానమ్మా, తీసుకుంది కదా,” అన్నారాయన. నాలుగోసారీ కాకపోయేసరికి విసుగొచ్చింది. “ఆఫ్ చేసి ఆన్ చేద్దాం, అదే సర్దుకుంటుంది.”

ఆయన వేలు బటన్ మీదికి వెళ్ళింది.

“వద్దండీ! ముట్టుకోకండి!”

ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదలు. ఆయన బిత్తరపోయి చెయ్యి తీసేశారు. “సేవ్ చేయలేదండీ,” అన్నాను, నా మాట నాకే వినబడనంత మెల్లగా. నూట నలభై ఇళ్ళు. తోమా గారి వైపు చూసే ధైర్యం లేదు. ఓరకంట చూస్తే ఆయన కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకుని ఇంకా భయపడ్డాను.

పాస్‌వర్డ్ గడిలో అన్నీ చుక్కలే. ఏం పడుతోందో కనబడదు. పైన యూజర్ పేరు గడిలోనైతే కనబడుతుంది కదా అని తోచింది.

“పాస్‌వర్డ్ ఏంటో చెప్పండి, దయచేసి.”

ఆయన మొహమాటపడుతూ చెప్పారు. “కోదండ. ఇంగ్లీషులో.”

పై గడిలో కొట్టాను. కె, ఓ నొక్కితే రెండు, ఆరు పడ్డాయి. కీబోర్డు మూల చూద్దును కదా, చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. నమ్ లాక్! చివరి పేరులోని ‘జ్ఞ’ మా తెలుగు సాఫ్ట్‌వేర్లో ఆల్ట్ మీట పట్టుకుని అంకెలు నొక్కితేగానీ పడదు. ల్యాప్‌టాప్‌లో విడిగా అంకెల మీటలుండవు, నమ్ లాక్ వేస్తే కుడివైపు అక్షరాలే అంకెలవుతాయి. పేరులో మిగతా అక్షరాలన్నీ కొట్టేసి, ఆఖర్న ‘జ్ఞ’ కోసం వేసింది నేనే, తీయడం మరిచిందీ నేనే.

దీపం ఆర్పాను. యూజర్ పేరు సరిచేసి, పాస్‌వర్డ్ కొట్టాను. తెర తెరుచుకుంది. పేర్లన్నీ ఉన్నాయి. మూడుసార్లు సేవ్ చేశాను, ప్రింటు ఇచ్చాను, అప్పుడు ఏడుపొచ్చింది.

“క్షమించండి తోమా గారూ. మిమ్మల్ని ప్రార్థన దాకా తెచ్చాను.”

“ప్రార్థన కాదమ్మా. మీ మొహం చూడగానే భయమేసింది. అవి పోతే మళ్ళీ చెబుదామని ఇల్లిల్లూ గుర్తు చేసుకుంటున్నాను. కంగారులో ముప్పై దాటి రాలేదండి.” ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు. “మా తమ్ముడి పేరు కూడా రాలేదమ్మా. తోడబుట్టినవాడి పేరు.”

ప్రింటరులోంచి చివరి కాగితం వచ్చింది. ఆయన చివరి వరుస మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివారు.

“జ్ఞానరత్నం.”