గొర్రెల బీడులో దిగిన విమానం

చెక్ దేశపు మొరావియాలో మా విమానాల క్లబ్బు తుక్కు కింద పారేయబోయిన పాత శిక్షణ విమానాన్ని నా స్నేహితుడు ఒతకార్ ఇంటికి తెచ్చుకున్నాడు. బరువైన ఇంజిను పీకేసి తేలికైనది బిగించాడు. రెక్కలకు కొత్త గుడ్డ కుట్టి రంగు వేసింది అతని భార్య ల్యుద్మిల. కొన్ని చలికాలాలు వాళ్ల కొట్టంలో అదే పని. తీరా పూర్తయ్యే వేళకు ఒతకార్‌కు గుండె జబ్బు వచ్చింది. విమానం నడపొద్దన్నారు డాక్టర్లు.

"నేను నడుపుతాలే," అంది ల్యుద్మిల. ఆమెకూ లైసెన్సుంది.

"బోల్టులన్నీ నేను బిగించినవే. ఏదైనా తేడా వస్తే?"

"ముప్పై ఏళ్లుగా నువ్వు తోలే కారులో కూర్చుంటున్నా. దానికన్నా ప్రమాదమా?"

మే నెలలో ఒక ఉదయం ఆమె ఒంటరిగా ఎగిరింది. క్లబ్బు మైదానం చుట్టూ రెండు చుట్లు తిరిగి దిగాలి. రెండో చుట్టులో కొండ వెనక్కి వెళ్లాక ఇంజిను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. మైదానం నుంచి మేం రేడియోలో ఎంత పిలిచినా జవాబు లేదు. మొబైలుకు ఫోన్ చేస్తే అది ఒతకార్ కారులోనే మోగింది.

అతన్ని నా కారెక్కించుకుని కొండ మీదికి తోలాను.

"నా చేతులతో నేనే చంపుకున్నాన్రా ఆల్ఫోన్స్," అన్నాడు.

"నోరు మూసుకుని దారి చూడు," అన్నాను.

కొండ దిగాక గొర్రెల బీడు మధ్య విమానం మూడు చక్రాల మీదా నిలబడి కనిపించింది. పక్కనే బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గొర్రెల కాపరి ఇచ్చిన మజ్జిగ తాగుతోంది ల్యుద్మిల.

"ఎంతసేపయ్యా రావడానికి?" అంది.

ఒతకార్ గడ్డిలో కూలబడ్డాడు. ఆమె వచ్చి అతని తల నిమిరింది.

"రేడియోలో పలకలేదేం?" అని నేనడిగాను.

"నిప్పంటుకోకుండా దిగేముందు కరెంటంతా ఆపేశా. ఇదిగో, పెట్రోలు ట్యాంకు మూత చూడండి. గాలి లోపలికి పోయే చిల్లు రంగుతో పూడిపోయి, ఇంజినుకు పెట్రోలు అందలేదు."

"రంగేసిందెవరు?" అన్నాడు ఒతకార్ మెల్లగా.

"నేనే. నువ్వు బిగించినవన్నీ భేషుగ్గా ఉన్నాయి."

అప్పుడు నవ్వాడతను. నవ్వుతూనే ఏడ్చాడు. కాపరి అతనికీ ఓ గ్లాసు మజ్జిగ పోసిచ్చాడు. సాయంత్రం రెక్కలు విప్పి, విమానాన్ని ట్రాక్టరు వెనక కట్టి ఇంటికి చేర్చాం.

పూడిన చిల్లు తెరిచాక ల్యుద్మిల ఒంటరిగా చాలాసార్లు ఎగిరి దిగింది. వేసవి చివర్లో రెండో సీట్లో ఒతకార్‌ను ఎక్కించుకుంది. కొండ దాటేదాకా అతను కళ్లు తెరవలేదని ఆమె అంటుంది. కునుకు పట్టిందంతే అంటాడతను.