ధర్మం దుడ్లు

కళ్యాణదుర్గం శెనక్కాయల వర్తక సంఘానికి దుడ్లు యాడివనుకున్నారు? రైతు తెచ్చిన ప్రతి మూటకూ ధర్మం పేరు చెప్పి అయిదు పైసలు కోసేవాళ్లు. ఆ నిధి బ్యాంకులో పెట్టే అలవాటు లేదు. ఏడాదికొకరి అంగడి పెట్టెలో ఉండేది. దీపావళి లక్ష్మీపూజ కాడ ఒకరు ఇంకొకరికి అప్పజెప్పల్ల. డెబ్బై అయిదు దీపావళికి ఆ వంతు మా ఆయనకు, బదరీనారాయణకు వచ్చింది. ఎంత మురిసిపోయినాడో!

ఆ సంఘానికి ఇంకో పద్ధతి ఉండాది. సభ్యుడు పోతే, పాడె బజారు దాటేదాకా అంగళ్లన్నీ మూస్తారు. "నాకూ బజారంతా మూస్తారు, సూడు వరలక్ష్మీ," అని గొప్పలు పోయేవాడు. "థూ, ఏం మాటలవి!" అని కసురుకునేదాన్ని.

మరుసటేడు కంబదూరు రైతులు మా అంగడి ముందర కూచున్నారు. కరువుకు విత్తనాలు గూడా తినేసినారు పాపం. ఈ మహానుభావుడు సంఘం నిధంతా తీసి విత్తనాలు కొనిచ్చినాడు. "వాళ్ల మూటల్లో కోసిందే కదా," అన్నాడు. వాన ఎగ్గొట్టింది. విత్తనం మట్టిలోనే మాడిపోయింది.

దీపావళి వచ్చింది. ఎవురికీ చెప్పకుండా అంగడి అమ్మేసి, ఆ దుడ్లు పళ్లెంలో పెట్టినాడు. అధ్యక్షుడు శ్రీరంగప్ప లెక్కబెట్టుకుని "సరిపోయింది" అన్నాడు. వారం తిరక్కుండానే, అంగడి లేనోడు సభ్యుడు కాదని పేరు కొట్టేసినారు. మా ఆయన ఇంకొకరి మండీలో తూకాలు రాసే పనికి పోయినాడు.

ఎనభై నాలుగులో మంచాన పడినాడు. అప్పటికి ఆ ధర్మం దుడ్లతోనే సంఘం మేడ కట్టింది. ఒకదినం నా చెయ్యి పట్టుకుని, "మూస్తారంటావా?" అన్నాడు. "మూస్తారు. మీరు పండుకోండి," అన్నా.

ఆయన పాడె బజారులోకి వచ్చింది. ఒక్క అంగడీ మూయలేదు. తూకాలు ఏస్తానే ఉండారు. ఆడోళ్లు ఆడిదాకా రాగూడదన్నారు. అయినా నేను వచ్చినాను. శ్రీరంగప్ప మండీ ముందర, "దించండప్పా," అన్నా.

"ఏమమ్మా ఇది! ఆయప్ప సంఘంలో లేడు కదా," అన్నాడు శ్రీరంగప్ప.

"మీ మేడ గోడల్లో మా అంగడి ఉండాది. తలుపులు మూస్తావా, ఈడనే కూచోమంటావా?"

నేల మీద కూచున్నా. శ్రీరంగప్ప తల వంచుకుని లేచి తలుపు లాగినాడు. దాని పక్కది, ఎదురుగా ఉండేది. కాసేపటికి బజారంతా మూసినారు.

ఆయన చెవి కాడ వంగి, "మూసినారు, వినపడిందా?" అన్నా. నేను అడిగితే మూసినారని మాత్రం చెప్పలేదు.