వెనక సీట్లో పెదనాన్న

విమానం నడపడం నేర్పడంలో పెదనాన్నది ఒకటే పద్ధతి, తిట్టడం. రెండు సీట్ల ఆ బుల్లి విమానంలో ముందు నేర్చుకునే తమ్ముడి కూతురు, వెనక ఆయన. ఆయన పక్కన ఒక మీట ఉంటుంది. దాన్ని మూస్తే ఇంజనుకు పెట్రోలు అందదు. అమ్మాయి కాస్త కుదురుకుందనిపిస్తే చాలు, చెప్పాపెట్టకుండా మూసేసి, ఆమెకు ముచ్చెమటలు పడుతుంటే వెనక నుంచి చూసి ఆనందించేవారు. నేల దగ్గరపడ్డాక మళ్లీ తెరిచి, "చంపేశావు తల్లీ ఇద్దర్నీ," అని తీర్పు చెప్పేవారు. అదీ వారి బోధన.

ఒంటరిగా ఎగరాలంటే ఆమె శిక్షణ పుస్తకంలో ఆయన సంతకం పడాలి. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ 'ఇంజను ఆగితే కంగారుపడుతుంది' అని రాసి పుస్తకం మూసేశారు. ఈ వారంలో ఆ సంతకం పడకపోతే గడువు తీరి ఆమె పాసైన పరీక్షలన్నీ చెల్లకుండా పోతాయి, మళ్లీ మొదటికి రావాలి. ఆయనకేం, పోయేదేముంది.

ఆ ఉదయం పొలాల మీద ఉండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మొదలెట్టారన్నమాట, అనుకుంది. ఒళ్లు మండిపోయింది. ఇవాళ కంగారుపడితే ఒట్టు. విమానం ముక్కు దించి, వేగం సరిచూసుకుని, కోతలైపోయిన చేనొకటి ఎంచుకుంది. వెనక నుంచి ఒక్క తిట్టూ రాలేదు. ఇదేదో కొత్త ఎత్తు అనుకుంది.

కరెంటు తీగలు దాటారు.

"ఇంకా ఎంత కిందికి పోనిస్తారు పెదనాన్నా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"సరే, చక్రాలు విరిగితే పూచీ మీదే," అని నిజంగానే దింపేసింది. విమానం ఎగిరెగిరి పడుతూ వెళ్లి గట్టుకి పదడుగుల దూరంలో ఆగింది.

నాలుగు దులుపుదామని వెనక్కి తిరిగింది. పెదనాన్న రెండు చేతులతో సీటు బెల్టును కరుచుకుని ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మీట తెరిచే ఉంది.

"ఆపింది మీరు కాదా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"మరి చెప్పరేం?"

"చెబుదామనే అనుకున్నానమ్మా. నోరు పెగల్లేదు."

అప్పుడు పట్టుకుంది ఆమెకు వణుకు. ఆ వణుకుతూనే పుస్తకం తీసి ఆయన ఒళ్లో పెట్టింది. పెదనాన్న తను రాసిన మూడు వాక్యాల వంక చూశారు. వాటి కింద 'కంగారుపడింది నేను' అని రాసి సంతకం చేశారు. ఆ సంతకం ఎవరిదో పోల్చుకోవడం మాత్రం కష్టమే.