సున్నా వేసిన ఇల్లు

రమ మరాఠీ రాష్ట్రంలోని తుకుం అనే గని కార్మికుల పేటలో ఆశా వర్కరు. దేశమంతటా మత్తు మాన్పించే కార్యక్రమం మొదలైందని, మందు, గంజాయి, మత్తు పౌడరు వాడేవాళ్ల పేర్లు ఇంటింటికీ తిరిగి రాసుకురమ్మని ఆఫీసులో మరాఠీ ఫారాలు ఇచ్చారు. ఎక్కువ పేర్లున్న వార్డులకు చికిత్స క్యాంపులో ముందు చోటు దొరుకుతుందట.

గని కార్మికుల ఇళ్లలో ఒక్కరూ నిజం చెప్పలేదు. పేర్లు పోలీసులకు చేరతాయని భయం. రమ ప్రతి ఇంటి నంబరు పక్కనా సున్నా వేసుకుంటూ పోయింది. పక్కింటి ఆగమ్మ మనవడు గుమ్మంలోనే కళ్లు తేలేసి కూర్చున్నాడు. రాత్రి నిద్ర లేక అట్లున్నాడని చెప్పిందామె.

"మరి మీ ఇంట్ల ఏం రాసినవే పిల్లా?" అని అడిగి నవ్వింది.

రమ తన ఇంటికి కూడా సున్నానే వేసింది. భర్త మొండయ్య గనిలో పనిచేస్తూ చనిపోయాడు. ఆ ఉద్యోగం కొడుకు శ్రావణ్‌కు రావాలి. కాగితాలు ఇంకా కదులుతున్నాయి. వాడు పౌడరుకు అలవాటు పడ్డాడని ఎక్కడ రాసి ఉన్నా ఉద్యోగం పోతుందనుకుంది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం శ్రావణ్ తనంతట తానే స్నానం చేసి, బూట్లు వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"నాతోని అయితలేదమ్మా. ఆ క్యాంపుల చేర్పియ్యి. ఇయ్యాల్నే. రేపైతే నేనే రానంట."

ఫారం నకలు పట్టుకుని రమ ఆఫీసుకు పరుగెత్తింది. పడకలన్నీ పేర్లు వచ్చిన వార్డులకే ఇచ్చేశామన్నాడు గుమాస్తా అమిత్. జాబితా ఢిల్లీ దాకా వెళ్లిపోయిందట, ఇప్పుడు దిద్దడం కుదరదట. మూడు నెలలాగి రమ్మన్నాడు. మొత్తం సున్నాలున్నది మీ వార్డొక్కటే తాయీ అని, మరాఠీలో అక్కను పిలిచినట్టు పిలిచి మెచ్చుకున్నాడు కూడా.

తిరిగొచ్చేసరికి శ్రావణ్ బూట్లతోనే గడప మీద కూర్చుని ఉన్నాడు. తల్లి ముఖం చూసి, ఆమె చేతిలోని ఫారం తీసుకున్నాడు. మరాఠీ బడిలో చదివినవాడు, చకచకా చదివాడు. తమ ఇంటి నంబరు పక్కనున్న సున్నా దగ్గర వేలు ఆగింది.

రమ ఉద్యోగం సంగతి చెప్పుకొచ్చింది. వాడు చివరి దాకా విన్నాడు.

"నేను ఇంట్లనే ఉంటి గదమ్మా," అన్నాడు.

తర్వాత బూట్లు విప్పేయడానికి వంగి లేసులు లాగాడు. వేళ్లు వణికి ముడి బిగుసుకుపోయింది. రమ నేల మీద కూర్చుని ఆ ముడి విప్పింది.